నిలిచిన మడుగులో పధ్నాలుగు గోతాల ఆకు

నా నోటుపుస్తకంలో ఒక పేజీకి నేను పెట్టిన పేరు "నమ్మకాలు". లంకమల అడవిలో ఉన్న నాలుగు నెలలూ అక్కడివాళ్లు చెప్పిన మాటల్లో నాకు పనికిరావనిపించినవన్నీ తీసుకెళ్లి ఆ పేజీలో పడేసేవాణ్ని. ఏ పిట్ట అరిస్తే వాన వస్తుంది, ఏ రోజు మడుగులో దిగకూడదు, అలాంటివి. ఆ పేజీలో ఆరో వరుస గురించే ఇప్పుడు రాస్తున్నది. ఏడాదిపాటు రాయకుండా తప్పించుకున్నాను. ఈ మధ్య కాలేజీలో ఒక పెద్దాయన పదిమంది ముందు నా భుజం తట్టి, "అడవిలో అంత ఓపిగ్గా పనిచేసిన కుర్రాణ్ని నేను చూడలేదు" అన్నారు. ఆ పూట మెస్సులో అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయాను.

ఓపిక నాకు లేని గుణం. మద్రాసులో పుట్టి పెరిగినవాణ్ని. ట్రాము రెండు నిమిషాలు ఆలస్యమైతే కండక్టరుతో గొడవ పెట్టుకునేవాణ్ని. నీళ్లంటే నాకు తెలిసింది కుళాయి ఒక్కటే. చేతిలో ఎప్పుడూ నోటుపుస్తకం ఉండేది. తింటున్నా, నడుస్తున్నా, ఎదుటి మనిషి మాట్లాడుతున్నా నా కళ్లు అందులోనే. దాన్ని నేను శ్రద్ధ అనుకునేవాణ్ని. మా అమ్మ మాత్రం, "నీతో మాట్లాడాలంటే ఆ పుస్తకంలో కాగితమై పుట్టాల్రా" అనేది.

జంతుశాస్త్రంలో పైచదువు చదువుతున్నప్పుడు మా ప్రొఫెసరు నాకొక పని ఇచ్చారు. అడవి వాగులో ఎవరు ఎవర్ని తిని బతుకుతున్నారో చూడాలి. చెప్పడానికి సులువుగానే ఉంటుంది. చెట్టు ఎండను ఆకుగా మారుస్తుంది. ఆకు నీళ్లలో రాలుతుంది. నానిన ఆకును పురుగు తింటుంది. ఆ పురుగును తూనీగ పిల్ల తింటుంది, తూనీగ పిల్లను చేప, చేపను లకుముకి పిట్ట. ఒక్కొక్క మెట్టు దగ్గర ఆ ఎండలో ఎంత నిలుస్తుంది, ఎంత ఖర్చయిపోతుంది అన్నది తేల్చాలి. ఒక వీశె ఆకు చివరికి ఎంత చేప అవుతుంది? చెరువుల మీద ఇలాంటి పని బయటి దేశాల్లో మొదలైందనీ, మన అడవి వాగుల మీద ఎవరూ చేసినట్టు తాను వినలేదనీ ప్రొఫెసరు అన్నారు. "మొదటివాడివి నువ్వే కావచ్చు" అన్నారు. ఆ ఒక్క మాట నా తలకెక్కింది.

యుద్ధం ఆగిన మరుసటి ఏడు, చలి తగ్గుతున్న రోజుల్లో, బొగ్గు బస్సులో పొగ మింగుతూ బద్వేలులో దిగాను. అక్కణ్ణుంచి అడవి అంచుకు రెండున్నర గంటల నడక. ఫారెస్టు గార్డు ఇంటి పక్కన పెంకుల గది ఒకటి నాకిచ్చారు. గార్డుకు నలభై ఏళ్లుంటాయి, కోసిగి దిక్కువాడు. నా సీసాల పెట్టెలు మోసుకొస్తూ మాట కలిపాడు.

"మా కోసిగిలో వంక అంటే ఇసుకే సార్. నీళ్లు పారే వంక చూసింది ఈ డ్యూటీకి వచ్చినాకే. ఇంతింత దుడ్లు పెట్టి సదివించి, మిమ్మల్ని ఈడికి పురుగులు ఏరేదానికి పంపినారా?"

"పురుగులు ఏరడం కాదు. శాస్త్రం" అన్నాను, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"అదేలే సార్" అన్నాడు.

వాళ్లు వంక అనే ఆ వాగు చిన్నది. బండల మధ్య మెట్లు మెట్లుగా దిగుతుంది. నేను పని పెట్టుకున్న చోట మూడు మడుగులు ఒకదాని కింద ఒకటి ఉండేవి. పై మడుగు, నడి మడుగు, కింది మడుగు అని రాసుకున్నాను. రెండు గట్ల మీదా నేరేడు, మద్ది చెట్లు కమ్ముకుని ఉండేవి. ఆ నీడకు నీళ్లలో పాచి పెద్దగా పెరగదు. అంటే ఆ వంకలో బతికేవన్నీ రాలిన ఆకు మీదే బతకాలి. అది నాకు మొదటి వారంలోనే తేలింది. దారంతో అల్లిన చిన్న వల సంచుల్లో తూచిన ఆకు నింపి, పారే నీళ్లలో రాళ్లకు కట్టాను. పది రోజులకొకసారి తీసి, ఆరబెట్టి, మళ్లీ తూచేవాణ్ని. మొదటి పది రోజులు ఆకును ఏ పురుగూ ముట్టుకోలేదు. ఆకులోని వగరు నీళ్లలో దిగిపోయి, దాని మీద మెత్తటి బూజు పట్టాక, అప్పుడు మొదలుపెట్టాయి. ఇసుక రేణువులతో గొట్టంలాంటి ఇల్లు కట్టుకుని దాన్ని ఈడ్చుకుంటూ తిరిగే పురుగు ఒకటుంది. అది ఆకులో ఈనెలు వదిలేసి మిగతాదంతా తినేది. ఈనెలు మాత్రమే మిగిలిన ఆకును దీపానికి అడ్డంపెట్టి చూసిన రోజు నాకు నిజంగానే సంతోషం కలిగింది. ఆ సంతోషం మాత్రం అబద్ధం కాదు.

అక్కడ అందరూ తాళ్లాయన అని పిలిచే మనిషిని చూసింది ఆ రోజుల్లోనే. అడవి సరిహద్దు వెంట ప్రభుత్వం కంచెగా పెంచిన కిత్తనార మొక్కలుండేవి. వాటి మట్టలు కోసుకోవడానికి ఎండాకాలం మూడు నెలలకు ఆయనకు పర్మిటు ఉంది. మట్టలు దంచి, నానబెట్టి, నార తీసి, దాంతో బావులకు చేదతాళ్లు, ఎద్దులతో నీళ్లు తోడే కపిలలకు మోకులు పేనడం ఆయన పని. ముసల్మాను, అరవై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా కిత్తనార రసానికి కమిలి, చెట్టు బెరడులా ఉండేవి. ఆయనా, ఆయన భార్యా పొద్దున్నే నా గది ముందు నుంచే పోయేవాళ్లు. ఆయన ఆగి సలాం చెప్పేవాడు. నేను రాసుకుంటూ తల ఊపేవాణ్ని.

మార్చి చివరికి వంక పారడం ఆగిపోయింది. మూడు మడుగులూ మూడు తొట్లలా విడిపోయాయి. నాకు అదే కావలసింది. బయటికి పోయేది లేదు, లోపలికి వచ్చేది లేదు, లెక్క తేలిగ్గా తేలుతుంది అనుకున్నాను. పై మడుగును ఉన్నదున్నట్టు వదిలేసి, నడి మడుగులో ఆకు ఎక్కువ పోయాలి. ఆకు పెరిగితే పురుగు పెరగాలి, పురుగు పెరిగితే చేప బలియాలి. గార్డుతో, మరో ఇద్దరు కూలీలతో ఎండాకు ఊడ్పించి పధ్నాలుగు గోతాలు నింపించాను. మొదటి గోతం మడుగులో గుమ్మరిస్తుండగా తాళ్లాయన గట్టు మీద ఆగాడు.

"ఏం చేస్తాండారు సారూ?"

"చేపలకు మేత" అన్నాను. నోటుపుస్తకంలో గోతాల బరువు వేసుకుంటున్నాను.

"మేతనా? ఇంత ఆకా?" కాసేపు చూశాడు. "నీళ్లు పార్తాండేటప్పుడు ఎంతైనా ఎయ్యండి సారూ. అది తీసకపోతాది. నిలిచినాక ఎయ్యగూడదు. నీళ్లు చచ్చిపోతాయి."

"నీళ్లు చావడమేమిటి? నీళ్లకు ప్రాణం ఉందా?"

"ఉండాది సారూ. మేం నార నానేసేటోళ్లం, మాకి తెలుసు. ఆ బుక్కు రోంత పక్కన పెట్టి వినండి."

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. నా పుస్తకం జోలికి వచ్చినవాణ్ని నేను ఎన్నడూ క్షమించింది లేదు. "నీ పని నువ్వు చూసుకో, నా పని నాకు తెలుసు" అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. నేను పేజీలు తిప్పి "నమ్మకాలు"లో ఆరో వరుసగా రాసుకున్నాను: నిలిచిన నీటిలో ఆకు వేస్తే నీళ్లు చచ్చిపోతాయి. తరవాత మిగతా పదమూడు గోతాలూ వేయించాను.

పదకొండో రోజు పొద్దున వెళ్లేసరికి నడి మడుగు నల్లగా ఉంది. కుళ్లిన గుడ్డు వాసన. పరిగెలు, చిన్న చిన్న పక్కెలు, నేను నెలన్నరగా కొలిచి, రెక్కకు చిన్న గాటు పెట్టి గుర్తు చేసుకున్న చేపలు, అన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. మూడు కొర్రమీనులు మాత్రం పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగి మళ్లీ కిందికి పోతున్నాయి. "కొర్రమీను మూడు, బతికే ఉన్నవి" అని రాసుకున్నాను కూడా. రాసుకున్నానే గాని ఆలోచించలేదు. గట్టు మీద బండకు ఆనించి రెండు తడి నార కట్టలు కనబడ్డాయి. నాకు అంతకన్నా ఇంకేమీ అక్కర్లేకపోయింది. కిత్తనార రసం చేపలకు విషమని నేను పుస్తకంలో చదివాను. నార నానబెట్టిన చెరువుల్లో చేపలు చస్తాయని కూడా చదివాను. చదివింది నిజమే.

గార్డు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. "సార్, ఒక మాట" అన్నాడు.

"ఏమీ చెప్పకు" అన్నాను. "వాడు యాడున్నాడో అది చెప్పు."

వాళ్ల యాస నా నోట్లో అలా వచ్చింది, వెక్కిరింపుగా. గార్డు నేల చూస్తూ, "ఈ పొద్దు బద్వేలు సంత కదా సార్. ఆడ ఉంటాడు" అన్నాడు.

రెండున్నర గంటలు ఎండలో నడిచినా నా కోపం దిగలేదు. ఇంకా పెరిగింది. సంతలో ఆయన తాళ్లు చుట్టలు చుట్టలుగా పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా నలుగురైదుగురు రైతులు తాళ్లు లాగి చూసుకుంటున్నారు. నేను వెళ్లి ఒక చుట్టను కాలితో తన్నాను.

"ఈ మనిషి వంకలో విషం కలిపాడు" అన్నాను.

నార నానబెట్టాడు అంటే సంతలో ఎవరూ తల కూడా తిప్పరని నాకు తెలుసు. అందుకే విషం అన్నాను. ఆ మాట నోరు జారి వచ్చింది కాదు. ఏరుకుని అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "నేనా సారూ? ఏ మడుగులో?"

"నా మడుగులో."

పక్కన మిరపకాయలు అమ్ముతున్న ఆమె, "వంక ఎప్పుడు కొన్యాడమ్మా ఈయప్ప?" అంది. నవ్వారు. ఆ నవ్వుకు నాకు కళ్లు కనబడలేదు. చేపలన్నీ చచ్చాయనీ, ఆ నీళ్లు తాగితే పశువులూ చస్తాయనీ, ఈ మనిషి చేతి తాడు బావిలో దించితే బావులూ అంతేననీ అరిచాను. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఒక రైతు తన చేతిలో ఉన్న తాడును మెల్లగా కింద పెట్టి, ఆ చేతిని పంచెకు తుడుచుకున్నాడు. నేను గెలిచానని అనుకున్నాను.

అట్నుంచి అటే రేంజరు ఆఫీసుకు వెళ్లి కాగితం రాసిచ్చాను. మద్రాసు కాలేజీ నుంచి వచ్చినవాణ్ని, ఇంగ్లీషులో రాసిచ్చాను. రేంజరు రెండో మాట అడగలేదు. తాళ్లాయన పర్మిటు ఆ ఏటికి రద్దయింది.

నాలుగు రోజులకు పై మడుగులో చేపలు కొలవడానికి పోయాను. అక్కడ నీళ్లు అద్దంలా ఉన్నాయి. పరిగెలు హాయిగా తిరుగుతున్నాయి. నడి మడుగులో కొర్రమీనులు ఇంకా బతికే ఉన్నాయి. అప్పుడు నిలబడిపోయాను. కొర్రమీను గాలి పీల్చి బతకగల చేప. విషమైతే దాన్ని కూడా చంపాలి. నీళ్లలో ప్రాణవాయువు లేకపోతేనే, గాలి పీల్చేది బతికి, పీల్చలేనిది చస్తుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం.

గార్డును పిలిచి, తాళ్లాయన నార ఎక్కడ నానబెడతాడని అడిగాను. నన్ను తీసుకుపోయాడు. కింది మడుగు కూడా దాటి, వంకకు దూరంగా, మిట్ట మీద ఒక గుంత. మనిషి లోతు ఉంటుంది. చుట్టూ మట్టి కట్ట. కట్టకు బయట నీళ్లు జారిన జాడ ఎక్కడా లేదు. పక్కన మూడు కుండలు బోర్లించి ఉన్నాయి.

"కుండలతో నీళ్లు ఈడికి మోసుకొస్తారు సార్, మొగుడూ పెండ్లాం" అన్నాడు గార్డు. "నారను వంకలో దించరు. కడిగిన నీళ్లు గూడా వంకలో కలవనీరు. వీళ్ల తాతల కాన్నుంచి ఇంతే. గొడ్లు తాగే నీళ్లు కదా అని."

"మరి ఆ రోజు మడుగు కాడ కట్టలు?"

"బరువు దించి కూసుంటారు సార్, నీళ్లు తాగేదానికి. దినామూ అంతే. ఆ పొద్దు సంతకు తాళ్లు మొయ్యల్ల కదా, కట్టలు ఆడనే పెట్టి పోయినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

గార్డు నా మొహంలోకి చూశాడు. "చెప్పబోతిని గదా సార్. ఏమీ చెప్పాకు అంటిరి."

గదికి వచ్చి రెండు మట్టి బానల్లో పై మడుగు నీళ్లు పోశాను. ఒక్కోదాంట్లో మూడు పరిగెలు వదిలాను. ఒక బానలో నడి మడుగు అడుగునుంచి తెచ్చిన కుళ్లిన ఆకు వేశాను. తెల్లారేసరికి ఆకు వేసిన బానలో మూడూ చచ్చాయి. నోటుపుస్తకం తెరిచి ఆరో వరుస మళ్లీ చదివాను. నీళ్లు చచ్చిపోతాయి. అంతకన్నా కచ్చితంగా నేనైనా చెప్పలేను. నాకు ముందే చెప్పిన సంగతి తెలుసుకోవడానికి ఇంకో మూడు చేపల్ని చంపాను.

ఆ రోజే లేచి వెళ్లి ఉంటే ఇది ఇంకో రకంగా రాసేవాణ్ని. వెళ్లలేదు. ప్రొఫెసరుకు అప్పటికే ఉత్తరం వేసేశాను, స్థానికులు నార నానబెట్టడం వల్ల ప్రయోగం చెడిపోయిందని. ఆయన నుంచి ఓదార్పు జవాబు వచ్చింది. చదువులేని జనంతో నువ్వు పడే బాధ నాకు తెలుసు, ధైర్యంగా ఉండు అని రాశారు. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకున్నాను. నిజం రాస్తే, నిలిచిన నీటిలో పధ్నాలుగు గోతాల ఆకు పోసిన మూర్ఖుణ్ని నేనే అని రాయాలి. రేపు రాద్దాం అనుకుంటూ మూడు వారాలు జరిపాను. రోజూ పొద్దున నా గది ముందు నుంచి పోయేవాళ్లు ఇప్పుడు పోవడం లేదు. ఆ వేళకు నేను తలుపు మూసుకుని రాసుకుంటూ కూర్చునేవాణ్ని.

చివరికి నన్ను కదిలించింది నా మంచితనం కాదు. గార్డు ఒక పొద్దున కొత్త చేదతాడు తెచ్చి మా బావి గిలకకు వేస్తుంటే, ఎక్కడిదని అడిగాను.

"మైదుకూరు నుంచి తెప్పించినా సార్. తాళ్లాయన కాడ తీసుకుంటే మా ఇంటిది నీళ్లు తాగనంటాంది. మీరు చెప్పినారంట గదా, బావిలో గూడా విషం దిగుతాదని."

ఆ పూటే ఆయన ఊరికి వెళ్లాను. చిన్న మట్టిమిద్దె. ముంగిట్లో నార ఆరేసే దండాలు ఖాళీగా ఉన్నాయి. ఆయన లేడు. భార్య గడపలో కూర్చుని, మిగిలిపోయిన పాత నారను చిక్కు తీస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది, లేవలేదు.

"ఆయన లేడప్పా. తాళ్లు ఎత్తుకోని ఊర్లమీద పోయినాడు."

"అమ్ముడుపోతున్నాయా అమ్మా?"

ఆమె చేతిలో పని ఆపలేదు. "ఎట్ల పోతాయి? పర్మిటు పోతే పోనీ, ఉండే నారతోనే ఈ ఎండాకాలం గడుపుదామంటిమి. ఎవురూ తాడు తీసుకోరే. ఏ ఊరికి పోయినా, ముందు నువ్వు తాగు అంటాండారు. కొత్త తాడు బావిలో దించి, ఆ తాడుతో చేదిన నీళ్లు ఆయనే తాగి చూపియ్యల్ల. తాగినాక గంట సేపు ఆడనే కూసోవాల, చచ్చినాడా బతికినాడా అని. నలభై ఏండ్ల కాన్నుంచి తాళ్లిచ్చిన ఊర్లే. వాళ్ల బావుల్లో ఉండే తాళ్లన్నీ ఆయన పేనినవే."

నేను గడప కింద కూర్చున్నాను. అంతా చెప్పాను. చేపల్ని చంపింది నేనేనని, ఆయన చెప్పినా వినలేదని. ఆమె అంతా విని, "మాకి తెలుసులేప్పా" అంది. "ఆకు కంపు వేరే, నార కంపు వేరే. ఆ పొద్దే ఆయన చెప్పినాడు, పాపం పిల్లోడు ఆకు పోసి చంపుకున్నాడు అని. రోంత సేపు అయినాక వచ్చి నాతో మాట్లాడ్తాడులే అన్యాడు." "శానా పొద్దయ్యింది మీకి" అంది.

మర్నాడు పొద్దున్నే రేంజరు ఆఫీసుకు పోయి ఇంకో కాగితం రాసిచ్చాను. ఈసారి తెలుగులో రాశాను. రేంజరు చదివి, ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. "మొన్న ఒకటి రాసిస్తివి, ఈ పొద్దు ఒకటి రాసిస్తాండావు. రేపేం రాసిస్తావప్పా?" అన్నారు. పర్మిటు మళ్లీ ఇస్తారట, వచ్చే ఏడు ఎండాకాలానికి. ఈ ఏటికి గడువు ఇంకెన్ని రోజులుందిలే అన్నారు. ప్రొఫెసరుకు కూడా అదే రోజు ఉత్తరం వేశాను.

తరవాతి సంతలో తాళ్లాయన అదే చోట కూర్చున్నాడు. ముందు నన్ను చూసి తాళ్లు దగ్గరికి లాక్కున్నాడు, మళ్లీ తంతానేమో అని. అది చూసి రెండడుగులు వెనక్కి వేశాను. అయినా నిలబడి, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేట్టు చెప్పడం మొదలుపెట్టాను. సేంద్రియ పదార్థం కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు క్షీణిస్తుంది అంటూ ఏదో అన్నాను. సిగ్గు దాచుకోవడానికి పుస్తకం భాష అడ్డం పెట్టుకున్నాను. అరిచేటప్పుడు ఎంత సులువైన మాటలు దొరికాయో నాకు గుర్తుంది.

మిరపకాయల ఆమె, "ఏమంటాండాడమ్మా?" అంది.

నేను మళ్లీ మొదలుపెట్టబోయాను. తాళ్లాయన లేచి, దగ్గి, తనే చెప్పాడు. "సారు అనేది ఏమంటే, నిలిచిన మడుగులో ఆకు పోసినాడంట. ఆకు కుళ్లి నీళ్లు చచ్చిపోయినాయంట. చేపలు దానికి చచ్చినాయి. నార లేదు, ఇసం లేదు. సారే పోసినాడంట."

"నిజమేనా అప్పా?" అన్నాడు ఒక ముసలి రైతు నాతో.

"నిజం. ఆయన వద్దన్నాడు. నేనే విన్లేదు."

"ఆకు ఎందుకు పోసినావు మరి?"

"ఆకు ఎంత చేప అవుతుందో చూద్దామని" అన్నాను. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నన్ను ఈసారి ఏమీ చేయలేదు, నా లోపల అంతకన్నా ఘోరంగా ఉంది.

ముసలి రైతు ఒక చేదతాడు చుట్ట తీసుకున్నాడు. లాగి చూశాడు. వాసన చూశాడు. "సరే, నేను నమ్ముతా. మా ఇంట్లో ఆడోళ్లు నమ్మాల గదా. బావి కాడికి రాప్పా, ఒక తూరి తాగిపో" అన్నాడు తాళ్లాయనతో. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఉన్న మాట చెప్పాడు.

నేను కూడా వాళ్లతో వెళ్లాను. ఇంకో ఇద్దరు రైతులూ అదే అడిగారు. సంతకు ఆరేడు మైళ్లలోపు మూడు ఊళ్లు, మూడు బావులు. తాళ్ల మోపు నేను ఎత్తుకున్నాను. పట్నపు భుజం మీద అది సరిగా నిలవక జారుతూనే ఉంది. తాళ్లాయన ఒకసారి వెనక్కి తిరిగి సర్దాడు. మొదటి బావి దగ్గర నేను ముందుకు వెళ్లి, "నేను తాగుతాను" అన్నాను. ఆయన తన సంచిలోంచి సొంత లోటా తీసుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"మీరు తాగితే ఏం లాభం సారూ. మీరు రేపు పట్నం పోతారు. ఈడ ఉండేది నేను. నేనే తాగాల."

ఆ ఇంటామె పైనుంచి లోటాలోకి నీళ్లు వంచింది. ఆయన నిలబడి అంతా తాగాడు. రెండో ఊళ్లోనూ తాగాడు. ప్రతి చోటా బావి చప్టా మీద గంటసేపు కూర్చున్నాం. మధ్యలో ఆయన పారే నీళ్లలో ఆకుకూ నిలిచిన నీళ్లలో ఆకుకూ ఉన్న తేడా నాకు మళ్లీ చెప్పాడు. ఈసారి ఆయన మొహం చూస్తూ విన్నాను. గుంతలో నార ఎన్నో రోజుకు వాసన మారుతుందో, ఏ వాసనకు బయటికి తీయాలో చెప్పాడు. నా నాలుగు నెలల కొలతల్లో లేని సంగతులు అవి. నేను చిన్నచిన్న ప్రశ్నలు అడిగాను. ఆయన జవాబు చెప్పాడు. అలా మాట్లాడుకోవడానికి మూడు నెలల కిందట కూడా అడ్డం ఏమీ లేదు, నేను తప్ప.

మూడో ఊళ్లో తాడు దించేసరికి ఎండ వాలిపోయింది. ఇంటామె కడవతో చేది లోటా నింపింది. ఆయన సగం తాగి ఆగాడు. చెయ్యి కడుపు మీద పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. కడుపు నిండిపోయింది, ఇంకో గుక్క కూడా పట్టదని నాకు కనబడుతూనే ఉంది. ఇంటామె, ఆమె పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, కళ్లార్పకుండా చూస్తున్నారు. ఆయన నా వైపు చూడలేదు. లోటా మళ్లీ నోటికి ఎత్తి, మెల్లగా, మధ్య మధ్య ఆగుతూ, మిగతా సగం తాగాడు. తాగి, లోటాను వాళ్ల ముందు బోర్లించి చూపించాడు.